‘రేపు రండి’ అంటే ఏం చెయ్యాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో సగానికి పైగా ఒకటే విషయం. అత్యాచారం కేసుల్లో పోలీసులు ఎలా ఆలోచిస్తారు, ఇది నిజం కేసు ఇది కాదు అని దేన్ని బట్టి డిసైడ్ చేస్తారు అని. నేను యూనిఫాం విప్పేసి చాన్నాళ్లయింది గానీ మహిళా స్టేషన్లో కూర్చున్నప్పుడు చూసినవి ఎక్కడికీ పోలేదు, అందుకని ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ఒకేలాంటివి కలిపేశాం, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: మేడమ్ గారూ, మా చెల్లి మీద మా వీధిలోనే ఉండే ఒకతను అఘాయిత్యం చేశాడు. మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తే ఎస్సై గారు లేరు. రైటర్ గారు పిటిషన్ తీసుకుని ముందు ఎంక్వైరీ చేస్తాం, నిజమని తేలితే అప్పుడు కేసు కడతాం, పెళ్లి కావాల్సిన పిల్ల కదా మీరూ ఇంట్లో ఒకసారి ఆలోచించుకుని రేపు రండి అన్నారు. అలా చెయ్యొచ్చా?
– ఓ అక్క, ఏలూరు దగ్గర

జవాబు: చెయ్యకూడదమ్మా. నిజమా కాదా తేల్చడం అనేది ఎఫ్‌ఐఆర్ కట్టిన తర్వాత మొదలయ్యే పని, ముందు చేసే పని కాదు. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఇదే చెప్పింది, చెప్పిన విషయంలో కాగ్నిజబుల్ నేరం (అంటే వారెంట్ లేకుండానే పోలీసు అరెస్ట్ చెయ్యగల నేరం) కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి, పోలీసుకి అక్కడ ఛాయిస్ లేదు అని. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, వాటిల్లో (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 173లో) ప్రాథమిక విచారణ అనే మాట ఒకటి ఉంది, కొందరు దాన్ని పట్టుకుని మాకు 14 రోజులు టైం ఉంది అంటున్నారు. అది మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకి, అదీ డీఎస్పీ పర్మిషన్‌తో. అత్యాచారానికి శిక్షే పదేళ్ల నుంచి మొదలవుతుంది, కాబట్టి ఆ 14 రోజులు మీ కేసుకి వర్తించవు. అసలు ఫిర్యాదు రాసుకోకపోతే ఆ పోలీసు మీదే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చింది) 199 కింద కేసు పెట్టొచ్చు, ఆర్నెల్లకి తక్కువ కాకుండా రెండేళ్ల దాకా జైలు. ఈ నంబర్ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, గొడవ పడకుండా మెల్లిగా ‘199 ఉంది కదండీ’ అనండి చాలు, రైటర్ గారి గొంతు మారుతుంది.

మరి తెలిసీ ఎందుకు చెయ్యరు అంటారా. నేను చూసినంతలో కారణాలు మూడు నాలుగు. క్రైం రివ్యూ మీటింగ్‌లో మీ స్టేషన్లో కేసులు పెరిగాయేంటి అని పైవాళ్లు అడుగుతారు, కేసు కట్టినవాడు మాట పడతాడు, కట్టనివాణ్ణి అడిగేవాడు ఉండడు. రెండోది, అమ్మాయి తరఫువాళ్లు నెల తర్వాత పెద్దమనుషుల్లో రాజీ పడిపోతే కోర్టులో సాక్ష్యం తిరగబడుద్ది, అప్పుడు పడిన కష్టం అంతా వేస్టు అని ముందే ఒక నీరసం. మూడోది అవతలివాడికి ఎవరో లీడర్ చుట్టం. నాలుగోది ఏంటంటే నిజంగానే అమ్మాయి మంచి కోరి చెప్తున్నాం అనుకోవడం, పెళ్లి కావాల్సిన పిల్ల అనే మాట ఇక్కణ్ణుంచే వస్తుంది, నా లెక్కలో ఇదే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది ఎందుకంటే ఇందులో తప్పు చేస్తున్నామనే ఫీలింగే ఉండదు.

ఇంకో సాకు, అది మా లిమిట్స్ కాదు అని. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ కనిపించకుండా పోయినప్పుడు ఇంట్లోవాళ్లని ఈ స్టేషన్‌కి ఆ స్టేషన్‌కి తిప్పారు, తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లని సస్పెండ్ చేశారు. ఇప్పుడు జీరో ఎఫ్‌ఐఆర్ చట్టంలోనే ఉంది, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాలి, తర్వాత వాళ్లే ట్రాన్స్‌ఫర్ చేసుకుంటారు. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

మీ చెల్లి మాట ఆడ ఆఫీసరే రాసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి. మళ్లీ కట్టనంటే ఎస్పీ గారికి పోస్టులో రిజిస్టర్ చేసి పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. ఈలోపు ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కండి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా పేపర్లో చుట్టి పెట్టండి. హాస్పిటల్‌కి వెళ్లడానికి ఎఫ్‌ఐఆర్ కోసం ఆగక్కర్లేదు, గవర్నమెంటైనా ప్రైవేటైనా ఫ్రీగా ట్రీట్‌మెంట్ ఇచ్చి తీరాలి.

ప్రశ్న: నమస్తే మేడం. జరిగిన మూడు వారాలకు కంప్లైంట్ ఇచ్చిన. సీఐ సారు అడిగిందే మల్ల మల్ల అడుగుతున్నరు. ఎందుకు ఒర్రలే, తెల్లారి అతనికి మెసేజ్ ఎందుకు పెట్టినవ్ అని. నేను ఒక్కో తాప ఒక్కో తీరుగ చెప్తున్ననట. నన్ను నమ్ముతలేరా?
– ఓ చెల్లె, వరంగల్

జవాబు: చెల్లీ, నమ్ముతున్నాడో లేదో నేను ఇక్కణ్ణుంచి చెప్పలేను గానీ ఆ ప్రశ్నలు ఎక్కణ్ణుంచి వస్తాయో చెప్పగలను.

మా డిపార్ట్‌మెంట్‌లో చాలామంది మనసులో ‘అసలు కేసు’ అంటే ఒక బొమ్మ ఉంటుంది. రాత్రి పూట, ఎవరో తెలీనివాడు, చీకటి సందు, ఒంటి మీద దెబ్బలు, చిరిగిన బట్టలు, ఏడుస్తూ తిన్నగా స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చిన ఆడపిల్ల. ఈ బొమ్మకి ఎంత దూరంగా ఉంటే అంత అనుమానం. కానీ నేషనల్ క్రైం రికార్డ్స్ బ్యూరో లెక్కలు తీస్తే 2022లో దేశంలో 31,516 రేప్ కేసులు నమోదైతే వాటిల్లో నూటికి 95కి పైన నిందితుడు తెలిసినవాడే, చుట్టమో పక్కింటివాడో ఫ్రెండో బాసో లవరో. అంటే ఆఫీసర్ మనసులో బొమ్మ అన్నిటికంటే తక్కువగా జరిగే దానిది, దాంతో పోల్చి మిగతా 95ని కొలుస్తున్నారన్నమాట. ట్రైనింగ్‌లో ఎవరూ ఈ బొమ్మ నేర్పరు, సినిమాల్లోంచి, ఇంట్లో విన్నవాటిల్లోంచి, సీనియర్ల కబుర్లలోంచి వచ్చి కూర్చుంటుంది.

ఎందుకు ఒర్రలేదు అనేదానికి వద్దాం. భయంలో ఒళ్లు కొయ్యబారిపోవడం, గొంతు పెగలకపోవడం చాలామందికి జరుగుతుంది, డాక్టర్లని ఎవరినడిగినా చెప్తారు. చట్టం కూడా ఒప్పుకుంది, బీఎన్‌ఎస్ 63లోనే రాసుంది, ఆమె ప్రతిఘటించలేదు అన్న ఒక్క కారణంతో ఒప్పుకుంది అనుకోకూడదు అని. ఆలస్యం గురించి సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో చెప్పేసింది, పరువు గురించి ఇంట్లో తర్జనభర్జన పడి లేటుగా వస్తారు, అది సహజమే, ఆమె మాట నమ్మదగ్గదిగా ఉంటే వేరే సాక్ష్యం లేకపోయినా చాలు అని. తెల్లారి మెసేజ్ అంటారా, తెలిసినవాడు చేసినప్పుడు మామూలుగా మెసేజ్ పెట్టేవాళ్లు ఎంతమందో, ఏమీ జరగనట్టు ఉంటే ఏమీ జరగనట్టే అయిపోతుందేమో అని ఒకళ్లు, వీడియో గానీ తీశాడా తెలుసుకుందామని ఇంకొకళ్లు. నువ్వెందుకు పెట్టావో అదే చెప్పు. డిలీట్ మాత్రం చెయ్యకు తల్లీ, డిలీట్ చేస్తే ఆ ఒక్క పనితో నీ మాట మొత్తం మీద అనుమానం వస్తుంది.

అయితే అడిగిందే అడగడం అంతా దురుద్దేశం అని కూడా అనుకోకు. రేపు కోర్టులో డిఫెన్స్ లాయర్ ఇవే అడుగుతాడు, దానికి జవాబు ఫైల్లో ముందే ఉంటే మంచిది అని అడిగే ఆఫీసర్లున్నారు. తేడా ఎలా తెలుస్తుందంటే, పని తెలిసినవాడు ‘తర్వాత ఏం జరిగింది, నీకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పు’ అని వదిలేసి వింటాడు. ముందే డిసైడ్ అయిపోయినవాడు ప్రతిదీ ‘ఎందుకు’తో మొదలెడతాడు, ఎందుకు వెళ్లావ్, ఎందుకు తాగావ్, ఎందుకు అరవలేదు. ఇక ఒక్కోసారి ఒక్కోలా చెప్పడం గురించి. షాక్‌లో ఉన్నప్పుడు మనసు కొన్నిటిని బాగా పట్టుకుంటుంది, కొన్నిటిని వదిలేస్తుంది, టైం, వరస ఎక్కువగా అటూ ఇటూ అవుతాయి. ఎవరు, ఎక్కడ, ఏం చేశాడు అనే అసలు సంగతి నిలకడగా ఉంటే, ఫ్యాను తిరుగుతోందా లేదా అనే దగ్గర తేడా వచ్చిందని కేసు పోదు. గుర్తు లేనిది గుర్తు లేదు అనే చెప్పు, వాళ్లు విసుక్కుంటున్నారని ఊహించి చెప్పొద్దు, తేడాలు నూటికి తొంభై అక్కడే పుడతాయి. ఇంకోటి, దర్యాప్తులో పోలీసుకి ఇచ్చే వాంగ్మూలం మీద నీ సంతకం అక్కర్లేదు, అడిగినా పెట్టక్కర్లేదు. నీ స్టేట్‌మెంట్ స్టేషన్‌కి రాకుండా మీ ఇంట్లోనే, నీకు నచ్చిన చోటే, మీ అమ్మా నాన్నో దగ్గరివాళ్లో పక్కనుండగా తీసుకోమని అడగొచ్చు, ఫోన్‌లో రికార్డ్ చెయ్యమనీ అడగొచ్చు. తర్వాత మేజిస్ట్రేట్ ముందు ఇచ్చేది వేరే ఉంటుంది, అదే గట్టిది.

నాకు అసలు కోపం వచ్చే విషయం ఇప్పుడు చెప్తా. ఆఫీసర్ ‘ఈమె మాట నిజమా’ అనే ప్రశ్న పక్కనే ఇంకో ప్రశ్న వేసుకుంటాడు, ‘ఈ కేసు కోర్టులో నిలబడుద్దా’ అని. రేప్ కేసుల్లో శిక్ష పడేది నూటికి 30 కంటే తక్కువ, కాబట్టి ఆ ఆలోచన రావడం వింతేమీ కాదు. కానీ నిలబడదు అని మనసులో అనుకున్న క్షణం నుంచి చేతులు నెమ్మదిస్తాయి. లాడ్జి రిజిస్టర్ ఇవాళ కాదు రేపు చూద్దాం, సీసీటీవీ ఫుటేజ్ లెటర్ వచ్చే వారం రాద్దాం, కాల్ డేటా తర్వాత తెప్పిద్దాం. సీసీటీవీలో పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది, నెల తర్వాత వెళ్తే ఏం దొరకదు. అప్పుడు ఫైల్లో సాక్ష్యం నిజంగానే ఉండదు, చూశారా నేను ముందే చెప్పా వీక్ కేసు అని అంటాడు. కేసు వీక్ అనుకున్నారు కాబట్టి వెతకలేదు, వెతకలేదు కాబట్టి వీక్ అయింది. ఎఫ్‌ఐఆర్ కట్టను అంటే పైన అడిగేవాళ్లున్నారు, చట్టం ఉంది, కానీ ఏ ఫుటేజ్ తెప్పించలేదు, ఎవర్ని సాక్షిగా రాయలేదు అనేది కేసు డైరీలో ఎక్కడా కనపడదు. పోలీసు చేతిలో అసలు పవర్ ఉన్నది ఇక్కడే. అందుకని నువ్వు చెయ్యాల్సింది, ఏయే చోట కెమెరాలున్నాయో, ఆ రోజు ఎవరెవరితో మాట్లాడావో, మొదట ఎవరికి చెప్పుకున్నావో లిస్టు రాసి ఐఓకి (దర్యాప్తు అధికారికి) ఇచ్చి, ఇచ్చినట్టు రెండో కాపీ మీద స్టాంపు వేయించుకో. లిస్టు ఇచ్చాక వెతకలేదంటే అప్పుడు అడగడానికి మన చేతిలో కాగితం ఉంటుంది.

ప్రశ్న: మా ఏరియాలో ఒకావిడ రేప్ కేసు పెట్టింది. ఆవిడ నడవడిక ఎలాంటిదో వీధి మొత్తానికి తెలుసు. అలాంటి కేసుల్ని కూడా పోలీసులు సీరియస్‌గా తీసుకుని టైం వేస్ట్ చేసుకోవాలా?
– ఒక పాఠకుడు (ఊరు రాయలేదు)

జవాబు: తీసుకోవాలి. ఊరెందుకు రాయలేదో నాకు అర్థమైంది.

1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో పోలీసులే ఒకామెని చెరిచారు, అడ్డం తిరిగిన భర్త దెబ్బలకి చనిపోయాడు. సిటీ అట్టుడికిపోయింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల వాదన అంతా ఏంటో తెలుసా, ఆమె నడవడిక మంచిది కాదు అని. కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది, కేసు మాత్రం కర్ణాటకలో రాయచూరు కోర్టుకి వెళ్లి అక్కడ కొట్టేశారు. ఆ రోజుల్లో అది, మహారాష్ట్రలో ఇంకో కస్టడీ కేసు, రెండూ కలిసి రేపిన గొడవకే 1983లో చట్టం మారింది. ఇప్పుడు సాక్ష్య చట్టంలో స్పష్టంగా ఉంది, సమ్మతి ఉందా లేదా అనే ప్రశ్న వచ్చినప్పుడు ఆమె నడవడిక గానీ పాత సంబంధాలు గానీ లెక్కలోకి రావు. కోర్టుకే అక్కర్లేనిది మీ వీధికెందుకండీ.

ప్రశ్న: అక్కా, మా తమ్ముడు ఒకమ్మాయితో మూడేళ్లు ప్రేమలో ఉన్నాడు. ఇంట్లో కులం విషయంలో ఒప్పుకోలేదు, విడిపోయారు. ఇప్పుడు పెళ్లి చేసుకుంటానని నమ్మించి మోసం చేశాడని కేసు. పోలీసులు మా మాట వినరా, వెంటనే అరెస్ట్ చేసేస్తారా? మా మావయ్య వెళ్లి వాళ్లతో సెటిల్ చేద్దామంటున్నాడు.
– ఒక అన్న, అనంతపురం

జవాబు: ముందు మీ మావయ్యని ఇంట్లో కూర్చోబెట్టండి. ఈ కేసులు రాజీ చేసుకునేవి కావు, వెళ్లి డబ్బు మాట ఎత్తితే అది సాక్షిని బెదిరించడం కింద ఇంకో కేసు అవ్వొచ్చు, అరెస్ట్ అక్కర్లేని చోట కూడా అరెస్ట్‌కి కారణం మీరే ఇచ్చినట్టు.

మన రెండు రాష్ట్రాల స్టేషన్లకి వచ్చే కేసుల్లో ఇలాంటివి బోలెడు. చట్టంలో దీనికి ఇప్పుడు వేరే సెక్షన్ ఉంది, బీఎన్‌ఎస్ 69, పదేళ్ల దాకా శిక్ష. ఐఓ తేల్చాల్సిన ముక్క ఒక్కటే, మాట ఇచ్చిన రోజునే పెళ్లి చేసుకునే ఉద్దేశం లేదా, లేక ఉద్దేశం ఉండి తర్వాత కుదరలేదా. 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది, అబద్ధపు వాగ్దానం వేరు, నిలబెట్టుకోలేకపోయిన వాగ్దానం వేరు అని. మొదటిది నేరం, రెండోది కాదు. కులం వేరని మొదటి రోజు నుంచి తెలుసు కదా, అప్పుడే మావాళ్లు ఒప్పుకోరు అని తెలిసి కూడా పెళ్లి ఆశ చూపించాడా అని ఆఫీసర్ అడుగుతాడు, అడగాలి కూడా. ఇంట్లో అమ్మాయి సంగతి మాట్లాడాడా, మీ నాన్నతో గొడవ పడ్డాడా, మెసేజ్‌లున్నాయా, వేరే సంబంధం ఎప్పుడు చూడ్డం మొదలెట్టారు, ఇవన్నీ చాట్లలో దొరుకుతాయి. ఫోన్ ఫార్మాట్ కొట్టించకుండా అలాగే ఉంచమనండి. అమ్మాయి ఎస్సీ, ఎస్టీ అయ్యి తమ్ముడు కాకపోతే అట్రాసిటీ చట్టం కూడా పడొచ్చు, అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయిలో జరుగుతుంది, లెక్క మారుతుంది, లాయర్ని అడగండి.

అరెస్ట్ సంగతి. ఏడేళ్ల లోపు నేరాలకి ముందు నోటీసు ఇవ్వడం అనే పద్ధతి ఉంది, ఇది దానికంటే పైది కాబట్టి అరెస్ట్ చేసే అధికారం ఉంది. కానీ అధికారం ఉండడం వేరు అవసరం ఉండడం వేరు అని 1994లోనే జోగీందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పారిపోతాడా, సాక్ష్యం చెరిపేస్తాడా, అమ్మాయిని బెదిరిస్తాడా అన్నవి చూసి డిసైడ్ చెయ్యాలి. ముందస్తు బెయిల్‌కి వెళ్లండి, పిలిస్తే వెళ్లి ఫోన్ అప్పగించి జవాబు చెప్పమనండి.

ఈ టాపిక్‌లో చాలామంది దొంగ కేసులు ఎక్కువైపోయాయండీ అని రాశారు. కేసు మూసేటప్పుడు మా రికార్డుల్లో రకరకాల ముద్రలుంటాయి, ఫాల్స్ అని ఒకటి, మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అని ఒకటి, లాక్ ఆఫ్ ఎవిడెన్స్ అని ఒకటి. సాక్ష్యం దొరకలేదు అంటే అబద్ధం చెప్పింది అని కాదు. ఈ మూడిటినీ కలిపి ‘ఇన్ని దొంగ కేసులు’ అని చెప్పేవాళ్ల మాట నేను లెక్కలోకి తీసుకోను. అలాగని దొంగ కేసులే లేవు అని కూడా అనను, ఉన్నాయి, ఆస్తి గొడవల్లో పెట్టించినవి నేనే చూశా. దానికి మందు ఎఫ్‌ఐఆర్ కట్టకపోవడం కాదు, కట్టి సరిగ్గా వెతకడం. మీ తమ్ముడు మోసం చెయ్యలేదనుకుంటే అతనికి కూడా కావాల్సింది అదే.

ప్రశ్న: మేడమ్, పెద్ద కేసుల్లో 24 గంటల్లో నిందితుణ్ణి పట్టుకున్నాం అని ప్రెస్‌మీట్లు పెడతారు. అన్ని కేసుల్లో అలా ఎందుకు చెయ్యలేరు? ఎన్‌కౌంటర్ చేస్తేనే భయం ఉంటుంది కదా?
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

జవాబు: ప్రెస్‌మీట్‌లో ముసుగేసి నిలబెట్టినవాడే చేశాడని ఎలా తెలుసు నీకు?

2007 డిసెంబర్ 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు, రాష్ట్రమంతా ఊగిపోయింది. కొన్ని నెలలకి ఒక పేద కుర్రాణ్ణి చూపించారు. 2010లో విజయవాడ కోర్టు యావజ్జీవం వేసింది, 2017 మార్చి 31న హైకోర్టు ఇతను నిర్దోషి అని వదిలేసింది. ఎనిమిదేళ్లకి పైగా జైలు. తర్వాత మళ్లీ దర్యాప్తు మొదలెట్టి చూస్తే కింది కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాల రికార్డులే నాశనమైపోయాయి, చివరికి సీబీఐకి ఇచ్చారు. అమ్మాయి తల్లిదండ్రులు మొదటి నుంచీ అతను కాదు అనే మొత్తుకున్నారు. ఒత్తిడి పెరిగినప్పుడు ఒక పేరు దొరగ్గానే దర్యాప్తు మొత్తం ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది, దానికి సరిపోయేవి మాత్రమే కళ్లకి ఆనతాయి. మామూలు కేసులో బాధితురాల్ని నమ్మకపోవడానికీ, సంచలన కేసులో ఎవర్నో ఒకర్ని చటుక్కున నమ్మేయడానికీ మూలం ఒకటే, వెతకడానికి ముందే డిసైడ్ అయిపోవడం.

ఎన్‌కౌంటర్ గురించి అడిగావు. పైన చెప్పిన శంషాబాద్ డాక్టర్ కేసులో పట్టుకున్న నలుగుర్ని 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర కాల్చేశారు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ రిపోర్టు 2022లో బయటికొచ్చింది, చంపాలనే కాల్చారు అని తేల్చి పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపమంది. ఆ నలుగురూ చేశారా లేదా అని ఏ కోర్టూ సాక్ష్యం చూసి చెప్పలేదు, ఇక చెప్పదు. మొదటి రాత్రి ఇంట్లోవాళ్లు అటూ ఇటూ తిరిగిన సంగతి కూడా ఆ పూల కింద కప్పడిపోయింది.

నిందితులు పోలీసులే అయితే ఎంత తొందరగా దర్యాప్తు చేస్తారో కూడా చూడు మరి. 2007 ఆగస్టులో విశాఖ మన్యం వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ ఆడవాళ్లు గ్రేహౌండ్స్ వాళ్ల మీద ఫిర్యాదు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే గానీ ట్రయల్‌కి రాలేదు, 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు 13 మంది పోలీసుల్ని వదిలేసింది. వదిలేస్తూ ఏమంది అంటే దర్యాప్తు అధికారులు దర్యాప్తే సరిగ్గా చెయ్యలేదు, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వండి అని. పదిహేనేళ్లు దాటింది.

ప్రశ్న: మెడికల్ టెస్ట్ అంటే భయంగా ఉంది. ఆ పాత టెస్ట్ చేస్తారా?
– పేరు వద్దు

జవాబు: రెండు వేళ్ల పరీక్ష గురించే కదా. చెయ్యకూడదు. సుప్రీంకోర్టు 2013లో తప్పన్నది, 2022 అక్టోబర్ 31న ఇంకా గట్టిగా, చేసిన డాక్టర్ దుష్ప్రవర్తన కింద దోషి అంది. మీ అనుమతి లేకుండా ఏ పరీక్షా చెయ్యరు, కొన్నిటికి ఒప్పుకుని కొన్నిటికి వద్దనొచ్చు. పోలీసులకి తెలిసిన 24 గంటల్లో పంపాలి, డాక్టర్ ఏడు రోజుల్లో రిపోర్ట్ ఐఓకి ఇవ్వాలి. నాలుగు రోజులు దాటితే ఒంటి మీద నమూనాలు దొరకడం కష్టం, అయినా వెళ్లండి, మందులకి, కడుపు రాకుండా ఉండడానికి, కౌన్సెలింగ్‌కి. దెబ్బలు లేవు అని రిపోర్ట్ వస్తే అది జరగలేదని అర్థం కాదు, ఈ ముక్క కొంతమంది ఐఓలకి కూడా చెప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: నేను టీచర్ని. మా స్కూల్లో ఏడో తరగతి పాప ఒక విషయం చెప్పింది. హెడ్‌మాస్టర్ ముందు మనం విచారిద్దాం అంటున్నారు.
– మచిలీపట్నం

జవాబు: వద్దు. పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం 19 ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే మీకు ఆర్నెల్ల దాకా, సంస్థ పెద్దకి ఏడాది దాకా జైలు. మీరంతా కలిసి పాపని పదిసార్లు అడిగితే ఆ మాటలన్నీ తర్వాత కోర్టులో ‘నేర్పించారు’ అనడానికి పనికొస్తాయి. 1098కి గానీ 112కి గానీ ఇవాళే చెయ్యండి. ఆడ ఎస్సై యూనిఫాం లేకుండా పాప ఇంటికొచ్చి మాట్లాడాలి, రాత్రి పూట స్టేషన్లో ఉంచకూడదు. తెలంగాణలో అయితే భరోసా సెంటర్లలో ఈ పనులన్నీ ఒకే చోట అయ్యేలా పెట్టారు, మనవైపు సఖి వన్ స్టాప్ సెంటర్‌ని అడగండి.

ప్రశ్న: నేను లీడ్స్‌లో చదువుకుంటున్నా ఆంటీ. ఇక్కడ పోలీసులు బెటరా?
– ఒక స్టూడెంట్

జవాబు: ఇక్కడ ఉన్న జబ్బే అక్కడా ఉంది, తేడా ఏంటంటే వాళ్లు ఒప్పుకున్నారు. 2021లో ఆపరేషన్ సొటీరియా అని మొదలెట్టారు, యూనివర్సిటీ రిసెర్చర్లని స్టేషన్లలోకి రానిచ్చి ఫైళ్లు చూపించారు. దర్యాప్తు అంతా బాధితురాలు నమ్మదగ్గ మనిషేనా అని తవ్వడంలోనే పోతోంది, నిందితుడు ఏం చేశాడు, ఎలా ప్లాన్ చేశాడు, ఇంతకుముందు చేశాడా అనేది ఎవరూ చూడట్లేదు అని తేలింది. అందుకని నిందితుడి మీద ఫోకస్ పెట్టే పద్ధతి ఒకటి తయారు చేసి 2023లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్న 43 పోలీసు విభాగాలకీ ఇచ్చారు. మన దగ్గర ఏ ప్రభుత్వమైనా యాప్ రిలీజ్ చేస్తుంది గానీ మూసేసిన ఫైళ్లు బయటివాళ్లకి చూపించి ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి అనదు. ఆంధ్రాలో 2019 డిసెంబర్‌లో దిశ బిల్లు పాస్ చేశారు, ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో ట్రయల్ అన్నారు, దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. అయినా స్పీడ్ పెంచితే ఆఫీసర్ మనసులో బొమ్మ మారుతుందా చెప్పు, తొందరలో ఇంకా ఎక్కువ దాన్నే నమ్ముకుంటాడు.

ప్రశ్న: మా అమ్మాయి కేసులో రిఫర్ నోటీసు అని వచ్చింది, లాక్ ఆఫ్ ఎవిడెన్స్ అని. కానిస్టేబుల్ వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్లాడు. ఇక అయిపోయినట్టేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కాలేదండీ. అది పోలీసు అభిప్రాయం మాత్రమే, కేసు మూయాలా వద్దా అనేది మేజిస్ట్రేట్ చేతిలో ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ల మాట వినకుండా ఆ రిపోర్ట్ ఒప్పుకోకూడదని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు సంతకం పెట్టింది నోటీసు అందింది అని, కేసు మూయడానికి ఒప్పుకున్నాను అని కాదు, అయినా ఆ కాగితంలో ఏం రాసుందో ఒకసారి మళ్లీ చదివించుకోండి, రెండో రకం వాక్యం ఇరికించినవి నేను చూశాను. మీరు చెయ్యాల్సింది ప్రొటెస్ట్ పిటిషన్ వెయ్యడం, అంటే పోలీసు రిపోర్ట్ మేం ఒప్పుకోం అని మేజిస్ట్రేట్‌కి ఇచ్చే అర్జీ. అందులో మా పాప అబద్ధం చెప్పదు అనే వాదన వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. పలానా షాపు కెమెరా చూడలేదు, పలానా ఫ్రెండ్‌కి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పింది ఆమెని విచారించలేదు, అతని ఫోన్ సీజ్ చెయ్యలేదు, బట్టలు ల్యాబ్‌కి పంపలేదు, ఇలా చెయ్యని పనుల వరస రాయండి, మేజిస్ట్రేట్ చూసేది అదే. మళ్లీ దర్యాప్తు చెయ్యమని ఆర్డర్ ఇవ్వొచ్చు, ఉన్నదాంతోనే కేసు నడపొచ్చు. దర్యాప్తు రెండు నెలల్లో పూర్తి చెయ్యాలి, 90 రోజుల్లోపు ఎంతవరకు వచ్చిందో మీకు చెప్పాలి అని చట్టంలో ఉంది, చెప్పలేదు కదా, అదీ రాయండి.

లాయర్ ఖర్చు గురించి వెనకాడొద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఫ్రీ లాయర్ని ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు కోర్టు కాంపౌండ్‌లోనే ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ, నోటీసు, అది అందిన తేదీ రాసుకున్న కాగితం తీసుకెళ్లండి.